క్లారినెట్ దించిన తర్వాత

నిన్న సాయంత్రం సికింద్రాబాద్ నుంచి వస్తున్న ప్యాసింజర్ రైల్లో, పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఇయర్‌ఫోన్లలోంచి ఒక వాయింపు బయటికి వినబడుతోంది. నాలుగే స్వరాలు, తిరిగి తిరిగి అవే. రోజంతా ఆఫీసులో కూర్చుని నడుము పట్టేసిన నాకు మొదట చిరాకేసింది. కాసేపటికి ఆ తీరు గుర్తుపట్టాను. "ఏందమ్మా గది?" అని అడిగాను. "కంప్యూటరు, బ్యాండు కలిపి వాయిస్తరంకుల్. మాటలుండయి, మెల్లమెల్లగ మారుతది" అంటూ ఒక ఇయర్‌ఫోన్ నా చేతిలో పెట్టింది. దీన్ని మా మామూ ఎప్పుడో జనగామలో కనిపెట్టాడంటే ఆ పిల్ల నమ్మేదా?

మామూ అంటే మా అమ్మ తమ్ముడు, పెళ్లిళ్ల బ్యాండుకు మాస్టరు. ఆయనది క్లారినెట్, నాది కీబోర్డు. బరాత్‌లో, అంటే పెళ్లి ఊరేగింపులో, ఏ పాటా చివరిదాకా సాగదు. ఎవడో ఇంకో పాట అడుగుతాడు, గుర్రం బెదురుతుంది, లేదా పెళ్లివారి గుమ్మం వచ్చేస్తుంది. మాస్టరు క్లారినెట్ దించగానే డోలు ఇంకో దరువు అందుకోవాలి. క్షణం చప్పుడు ఆగితే పెళ్లికొడుకు మేనమామలు కొట్లాటకు వస్తారు. ఇలాగే తల నెరిసిన మామూకు ఒకే కోరిక మిగిలింది: ఒక్క వాయింపు చివరిదాకా వాయించి, ఆపి, ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని వినాలి. ఎవరో ఆర్కెస్ట్రావాళ్ల దగ్గర పాత ఎకో మిషన్ సంపాదించాడు. ఒక్కసారి ఊదితే అది పదిసార్లు పలికేది. దానికి నా కీబోర్డునూ డోలునూ జోడించి, నాలుగు స్వరాలనే మెల్లగా మార్చుకుంటూ పోయేవాడు. "గా ముక్క దాటి ముంగటికి పోవా ఇగ?" అని మా మామీ వంటింట్లోంచి విసుక్కునేది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో రైల్ రోకో జరిగిన రోజు మా బ్యాండు జనగామ స్టేషన్‌లో ఉంది. ప్లాట్‌ఫాం మీది చాయ్ కొట్టు నుంచి కరెంటు తీగ లాగాం. మధ్యాహ్నానికి పాటలు పాడేవాళ్ల గొంతులు పోయాయి. జనం పట్టాల మీదే కండువాలు కప్పుకుని ఒరిగారు. మామూ లేచాడు.

"మాటల్లేని పాట గిక్కడెందుకన్నా?" అన్నాడు మైకు దగ్గరి నాయకుడు.

"మాటలు పొద్దుగాల సంది మీరు చెప్తనే ఉన్నరు గద. జర మమ్మల్ని గూడ ఊదనియ్యిన్రి."

మొదలుపెట్టాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఇంకో పాట అడగలేదు. అంత అలసిన జనం దొరకడం మా అదృష్టం. చాలాసేపు సాగింది. ఒక్కో వాయిద్యం తప్పుకుంటూ వచ్చింది. చివరి స్వరం పలికి నేను చేతులు తీశాను. మామూ కళ్లు మూసుకుని క్లారినెట్ దించాడు.

అంతే, డోలు వాయించే మామూ దోస్తు దడదడలాడిస్తూ బరాత్ దరువు అందుకున్నాడు. జనం ఒక్కసారిగా లేచి చిందులేశారు. నాయకుడు మామూను కౌగిలించుకున్నాడు. మామూ కళ్లు తెరిచి, నవ్వి, మళ్లీ క్లారినెట్ అందుకున్నాడు. ఆ నవ్వు నేను ఇప్పటికీ తలుచుకోలేను.

"నువ్వు దించంగనే చేతులు ఆగలే భయ్" అన్నాడు దోస్తు తర్వాత, తల వంచుకుని.

"పెండ్లిళ్ల మేళపోళ్లం గదరా" అన్నాడు మామూ. "మళ్లొకపారి చూద్దాం తియ్యి."

మళ్లీ కుదరలేదు. రాష్ట్రం వచ్చింది. పెళ్లిళ్లకు డీజే పెట్టెలు వచ్చాయి. ఎకో మిషన్ అటక ఎక్కింది, మామూ కన్నుమూశాడు.

నేను దిగాల్సింది జనగామలోనని మాటల్లో చెప్పి ఉన్నాను. "జనగామ వచ్చింది, మీరు దిగరా అంకుల్?" అంది అమ్మాయి. "ఇది అయిపోయినంక దిగుతనమ్మా" అన్నాను, చెవిలోని ఇయర్‌ఫోన్ తీయకుండానే. రైలు కదిలింది. పత్తి చేలు దాటుతుంటే ఒక్కో వాయిద్యం తప్పుకుంది, కీబోర్డు ఒక్కటే మిగిలింది, అదీ ఆగింది. ఏ డోలూ మోగలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి, కాళ్లు లాగుతుంటే వెనక్కి వెళ్లే బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. మామూ జీవితమంతా అడిగిన ఆ కాస్త నిశ్శబ్దం నాకు అడగకుండానే దొరికింది. కాలం ఇవ్వవలసింది ఇస్తుంది గానీ, అడిగినవాడి చేతిలోనే పెట్టాలన్న పట్టింపు దానికి లేదు.