సీతాఫలానికి షుగర్ పరీక్ష

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేము సీలేరు ప్రాజెక్టు కాలనీలో ఉండేవాళ్ళం. మా ఆయనకు షుగర్ వచ్చింది. వెంటనే విశాఖ వెళ్ళి ఇంట్లోనే రక్తం చూసుకునే మిషన్ కొనుక్కొచ్చారు. అంతవరకు స్విచ్‌బోర్డులు చూసుకునే మనిషి ఆ సాయంత్రం నుంచి వైద్యులైపోయారు. అందుకోసం పెద్దగా చదవాల్సి రాలేదు. మిషన్‌తో వచ్చిన కాగితం కూడా మడత విప్పలేదు.

కాలనీలో ఎవరు నీరసమన్నా వేలు చాపమనేవారు. చాపనివాళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదని తీర్మానించేవారు.

ఒక ఆదివారం పొద్దున్న పక్క క్వార్టర్ పిన్నిగారు సీతాఫలాలు ఒలుస్తూ ఒలుస్తూ లేచి మా ఇంటికొచ్చారు. కాళ్ళు లాగుతున్నాయన్నారు. ఆవిడ కొంగుకు తుడుచుకున్న వేలినే ఈయన పొడిచారు. మిషన్ మూడు వందల నలభై చూపించింది.

"ఏటి బాబూ, ఎక్కువేనా?"

"ఎక్కువేటి పిన్నీ, ఇన్నాళ్ళూ ఎలాగున్నావో నాకు తెల్దు. రేపు డాక్టరు దగ్గరికి ఎల్దువు గాని, ముందిది ఏసుకో," అని తన షుగర్ మాత్రే ఒకటి ధారపోశారు.

ముందు డిస్పెన్సరీలో చూపిస్తే మంచిది కదా అన్నాను.

"మిషన్‌కి అబద్ధమాడాల్సిన పనేటి?" అన్నారు. అంతటితో వైద్యశాస్త్రం ముగిసింది.

మధ్యాహ్నం ఆవిడ దగ్గర తెచ్చుకున్న గిన్నె తిరిగిచ్చేద్దామని వెళ్తే, పిన్నిగారు గోడకు చేరగిలబడి ఉన్నారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. భయంతో అన్నం కూడా మానేశారట. కేకేస్తే ఈయన వచ్చారు, మిషన్ పట్టుకుని.

"ఉండు, ముందు రీడింగ్ చూడాల."

నేను నీళ్ళలో పంచదార కలుపుతున్నాను. మూడు వందల నలభై ఉన్న మనిషికి పంచదారా అని నా మీద లేచారు. నేను వినలేదు. గ్లాసు పిన్నిగారి నోటికి పట్టాను. కాసేపటికి వణుకు తగ్గింది. అప్పుడు జీపులో డిస్పెన్సరీకి తీసుకెళ్ళాం. డాక్టరు గారు సాయంత్రం దాకా దగ్గర ఉంచుకుని, మర్నాడు పరగడుపున రక్తం తీయించారు. పిన్నిగారికి షుగర్ జబ్బే లేదు; ఈయనిచ్చిన మాత్రకు, అన్నం మానేసినందుకు ఒంట్లో ఉన్న చక్కెర కూడా పడిపోయిందట.

"చెయ్యి కడిగించారా?" అని డాక్టరు గారు అడిగితే, ఈయన పైన ఫ్యాన్‌ని చూశారు.

"వేలికంటిన పండు తీపినీ మిషన్ లెక్కేసేస్తుందండి. మీరు కొలిచింది సీతాఫలాన్ని. మీ మిషన్ మీద అనుమానముంటే, ల్యాబులో రక్తం ఇచ్చినప్పుడే దాంతోనూ చూసుకోండి. కాస్త తేడా ఉంటే పర్వాలేదు. ఇంకెవరికీ మాత్రలు పంచకండి."

తర్వాత ల్యాబుకు వెళ్ళినప్పుడు ఈయన సబ్బుతో చెయ్యి కడుక్కుని మరీ పోల్చి చూశారు. తేడా కొంచెమే. కొడుకు ఫస్టుక్లాసులో పాసైనంత సంబరంగా పిన్నిగారికి చెప్పడానికి వెళ్ళారు.

"మిసను పాసయ్యింది, బాగుంది," అన్నారావిడ చేటలో బియ్యం చెరుగుతూనే. "నువ్వెప్పుడు రాత్తావు బాబూ పరీచ్చ?"

ఆ తర్వాత ఈయన చాలారోజులు పిన్నిగారి గుమ్మం ముందు నుంచి కాకుండా, వెనక దారిన డ్యూటీకి వెళ్ళారు.