టేపు తీసేదాకా

దర్జీకి నడుము కొలవడమంటే ఎదుటివాడి అబద్ధం పట్టుకోవడమే. మెడలో టేపు, చెవి సందున పెన్సిలు, పెదాల మధ్య గుండుసూది. టేపు చుట్టగానే ఎంత పెద్దమనిషైనా పొట్ట లోపలికి లాక్కుంటాడు. "ఊపిరి వదలండి సార్, రేపు ప్యాంటు వేసుకునేది మీరే కదా!" అని దర్జీ నవ్వుతాడు, అయినా నమ్మకం కుదరక గుడ్డ అంగుళం ఎక్కువే వదులుతాడు. కిందటేడు డాక్టరు షుగరని భయపెట్టినప్పటి నుంచి అతను ఒళ్లు వంచడం మొదలుపెట్టాడు. తెల్లారకముందే పరుగు, రాగానే స్కిప్పింగు, ఆ పైన ఉప్పులేని ఉడికించిన కూరలు. తన పొట్ట కరిగాక చూపు ఇంట్లోవాళ్ల పొట్టల మీద పడింది. బిస్కెట్ల డబ్బా బీరువాలోకి వెళ్లి తాళం వేసుకుంది. భార్య రెండోసారి వడ్డించుకోబోతే గొంతు సవరిస్తాడు. రెండో తరగతి చదివే కూతుర్ని "ఏమే గుమ్మడికాయా" అంటాడు, ముద్దుగానే.

ఆ ఆదివారం స్కూలు గౌను కుట్టడానికి కూతురి నడుముకి టేపు చుట్టాడు. కిందటేడాది కన్నా తగ్గింది. సంబరపడబోయి ఆగిపోయాడు. వేళ్ల కింద బిగుసుకున్న ఆ పొట్ట అతను దుకాణంలో రోజూ చూసేదే.

"ఊపిరి వదులు తల్లీ."

పిల్ల పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. మొహం కందిపోతోంది. అతను కంగారుగా టేపు లాగేశాడు. అయినా పిల్ల ఊపిరి వదల్లేదు.

"మీరు కాస్త అటు తిరగండి," అంది గుమ్మంలో నిలబడ్డ భార్య. "మీరు చూస్తుంటే వదలదు."

అటు తిరిగాడు. వెనక కూతురు ఊపిరి వదిలింది. ఆ వెంటనే, భార్య కూడా.