మినిట్స్‌లో కనిపించని మనిషి

ఆవిడంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. తర్వాత ఎక్కడైనా నేను ఆవిణ్ణి మెచ్చుకుంటే, ఎంత కష్టపడి మెచ్చుకున్నానో మీకు అర్థమవుతుంది.

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి గంటలమ్మ అంటారు. ఏ దేశంలో ఇప్పుడు టైమెంతో గడియారం చూడకుండా చెప్పేస్తుంది. మా పని అలాంటిది. ఇంటర్నెట్‌లో పేర్లూ అడ్రసులూ ఎవరికి ఎలా ఇవ్వాలి, తగాదా వస్తే ఎలా తీర్చాలి అన్న నియమాలు రాసేది ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద సభ్యులు. లాయర్లు, ఇంజనీర్లు, కాలేజీ మేష్టర్లు జీతం లేకుండా కంప్యూటర్ల ముందు కూర్చుని నెలల తరబడి వాదించుకుంటారు. వాళ్ళకు మీటింగులు ఏర్పాటు చేయడం, కాగితాలు అందించడం, అనువాదకులను కుదర్చడం, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో చూడటం మా ఐదుగురి పని. ఆ ఐదుగురికీ పెద్ద గంటలమ్మ. మీటింగులో జరిగింది రాసిపెట్టే పని, అంటే మినిట్స్ పని, నాది.

ఆవిడకన్నా మూడేళ్ళు ముందు చేరాను నేను. పెద్ద కుర్చీ ఖాళీ అయితే అది నాదేననుకుని ఇంట్లో కూడా చెప్పేశాను. తీరా చూస్తే, ఏదో ఆస్పత్రిలో నర్సులకు డ్యూటీ చార్టులు వేసే మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. మొదటి రోజే నా టేబుల్ దగ్గరికొచ్చి, "అక్కా, నాకీ పని తెలీదు. మీరే నేర్పాలి" అంది. నేర్పాను. ఆరు నెలలు తిరిగేసరికి నాకే నేర్పే స్థాయికొచ్చింది. ఒళ్ళు మండదూ మరి?

పోనీ ఇంట్లోనైనా ఏదో లోటు ఉండకపోతుందా అని ఒకసారి పనిగట్టుకుని వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. భర్తది కళ్ళజోళ్ళ షాపు. పదో తరగతి చదివే కూతురు అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అత్తగారు నా చెవి దగ్గరికి వంగింది. హమ్మయ్య, ఇప్పుడు బయటపడుతుంది అనుకున్నాను. "మా కోడలు బంగారం అమ్మా" అందావిడ. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మా పనిలో గట్టి నియమం ఒకటుంది. అభిప్రాయాలు సభ్యులవి, చాకిరీ మాది. మినిట్స్‌లో ఆఫీసు వాళ్ళ పేర్లు కనిపించకూడదు. ఇద్దరు సభ్యులు ఉప్పూ నిప్పులా ఉంటే, గంటలమ్మ వాళ్ళ ఉత్తరాల్లో ఇద్దరూ ఒప్పుకున్న వాక్యాలన్నీ ఏరి, పక్కపక్కన పెట్టి పంపించేది. ఇంతేనా మన గొడవ అని వాళ్ళు చల్లబడేవాళ్ళు. నేను మాత్రం "సభ్యులు ఏకాభిప్రాయానికి వచ్చారు" అని రాసేదాన్ని. నియమం ప్రకారమే రాశాను, కాదనను. కానీ ఆ నియమాన్ని నా అంత సంతోషంగా పాటించినవాళ్ళు మా ఆఫీసులో ఇంకొకరు లేరు.

ఇలా ఎనిమిదేళ్ళు గడిచాక ఒక సోమవారం డైరెక్టరు గారు నన్ను పిలిచారు. ఆయన కొత్తగా వచ్చారు. ఒక ఉద్యోగం తగ్గించమని పైనుంచి ఒత్తిడి ఉందట.

"పాత మినిట్స్ అన్నీ చదివానమ్మా. ఆవిడ పేరు ఒక్కచోట కూడా లేదు. అసలావిడ చేసేదేమిటి? మీరు పక్కనే ఉంటారుగా, శుక్రవారంలోగా రాసివ్వండి. చెప్పుకోదగ్గది ఏమీ లేకపోతే ఆ పోస్టు తీసేద్దాం. ఆ బాధ్యత మీరు చూసుకుందురుగాని."

నేల మీద కాళ్ళు ఆనలేదు నాకు. విషయం విని మా ఆయన, "ఇంకేం, ఎగిరి గంతెయ్యి" అన్నాడు.

గురువారం పొద్దున్నే ఆఫీసులో కూర్చుని రాశాను: "ఆవిడ చేసే పనిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు." చదువుకున్నాను. చిర్రెత్తుకొచ్చింది. చెప్పుకోదగ్గది లేకపోతే ఎనిమిదేళ్ళుగా నేను దేన్ని చూసి ఏడ్చినట్టు?

కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి పదకొండు పేజీలయ్యాయి. అనువాదకురాలి లైను తెగిపోయిన రోజు, చెవులు వినిపించని సభ్యుడి కోసం మీటింగు నడకే మార్చేసిన రోజు, ప్రతిసారీ ఒకే దేశం వాళ్ళు నిద్ర మానుకోవాల్సి రాకుండా వేళలు వంతులవారీగా మార్చిన పద్ధతి, కోపంతో రాజీనామా చేసి మీటింగు మధ్యలో లేచి వెళ్ళిపోయిన ముసలి లాయరుకు ఫోన్ చేసి, అరగంట సేపు ఆయన గోడంతా విని, వెనక్కి తీసుకొచ్చిన వైనం. తేదీలతో సహా వచ్చేశాయి. కట్టుకున్నవాడు కూడా ఆవిణ్ణి అంత శ్రద్ధగా చూసి ఉండడు.

శుక్రవారం కాగితాలిచ్చాను. డైరెక్టరు గారు చదివి, పోస్టు ఉంటుందన్నారు. ఉద్యోగం పోబోయిందన్న సంగతి గంటలమ్మకు అప్పుడే తెలిసింది. ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఇవన్నీ మీకెలా గుర్తున్నాయి?"

"కుళ్ళుకుని చూశాను కాబట్టి" అనేశాను.

"తెలుసక్కా" అంది నెమ్మదిగా. "కానీ ఇందులో ఒకటి తప్పు. లాయరు గారికి ఫోన్ చేసింది నేను కాదు. ఆ వారం అత్తయ్యకు ఆపరేషనని సెలవులో ఉన్నాను. చేసింది మీరు. 'మీ ఆఫీసులో ఒకావిడ నా మాటకు అడ్డురాకుండా విన్నది' అని ఆయనే తర్వాత నాతో చెప్పారు. అది మీరేనని కనుక్కున్నాను."

నేను నమ్మలేదు. పాత మినిట్స్ తీశాను. "సభ్యుడు తిరిగి సమావేశంలో చేరారు" అని నా రాతే ఉంది. సెలవుల రిజిస్టరు తీశాను. ఆవిడ నిజంగానే రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. చెవికి ఫోన్ వేడిగా తగిలింది. తన మాట ఎవరూ వినడం లేదని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చెప్పుకోదగ్గ పని ఒకటి చేసి, దాన్ని కూడా తీసుకెళ్ళి ఆవిడకే కట్టబెట్టాను.

గంటలమ్మ నా పెన్ను తీసుకుని, ఆ చోట తన పేరు కొట్టేసి నా పేరు రాసింది. కింద తేదీ సరిచూసింది. కాగితాలు డైరెక్టరు గారికి మళ్ళీ ఇచ్చేసి తన సీటుకు వెళ్ళిపోయింది.

అంటే ఇన్నేళ్ళూ నన్ను కూడా ఒకరు చూస్తూనే ఉన్నారు. అదీ మనసులో ఏ కుళ్ళూ లేకుండా. దాన్ని మాత్రం ఇప్పటికీ ఓర్చుకోలేకపోతున్నాను.