తొక్కు నూనెలో కంప్యూటర్

మా తోడల్లుడు హన్మకొండలోని తన ఇంట్లో చేపల తొట్టి నిండా మినరల్ ఆయిల్ పోసి, అందులో కంప్యూటర్‌ను ముంచి నడిపిస్తున్నాడు. మే నెల ఎండలో కూడా అది వేడెక్కదట. నూనెలో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే మా అత్తమ్మ కుర్చీ వేసుకుని గంటసేపు చూసింది. పెద్దల్లుణ్ని నేను. నన్ను ఆమె అంతసేపు చూసింది పెళ్లిచూపుల రోజున ఒక్కసారే. ఆ పూట నా కంప్యూటర్ కంటే ముందు నేనే వేడెక్కాను.

మర్నాడే ఒక గాజు తొట్టి తెచ్చాను. నూనె ఏదైతేనేం అనుకుని, మామిడికాయ తొక్కు కోసం మా ఆవిడ గానుగ పట్టించి తెచ్చిన పల్లినూనె మొత్తం అందులో పోసి, కంప్యూటర్ బోర్డును దించాను. నిజంగానే నడిచింది.

అత్తమ్మ ఏటా తొక్కు మా ఇంట్లోనే పెట్టి, మొదటి జాడీ నా చేతికి ఇస్తుంది. ఆ వారమే కాయలతో వచ్చింది. తొట్టి ముందు కుర్చీ వేశాను. ఆమె కూర్చోలేదు, వంగి వాసన చూసింది.

"నూనె మంచిగున్నది బిడ్డా. దీంట్ల గీ పచ్చ అట్ట ఎట్ల పడ్డది?"

"పడలేదత్తమ్మా, నేనే ముంచిన. చిన్నల్లుడు చేసినట్టే."

"ఆయన తొక్కు నూనె ముట్టలే కదా," అంటూ కాయలు మళ్లీ సంచిలో సర్దుకుంది.

ఈ ఏడు తొక్కు చిన్నల్లుడి ఇంట్లో పెట్టారు. మాకు రెండో జాడీ వచ్చింది. రుచి బాగానే ఉంది. కానీ కలుపుకున్నప్పుడల్లా, మొదటి జాడీలో నూనె ఇంకొంచెం ఎక్కువే పోసి ఉంటారనిపిస్తుంది.