ఇంజిన్ ఆపేసి పిల్లని వెనక సీటుకి పంపిన మా గౌరక్క

నిన్న పొద్దున సుజాత ఫోన్ చేసింది.

"బావా... వదిన ఎల్లిపోనాది."

ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు.

నేను విజయనగరంలో, ఇంటి మెట్ల మీద ఉన్నాను. మొన్ననే కదా మాట్లాడింది. డయాలసిస్ అయ్యాక కొంచెం తేలిగ్గా ఉందిరా అంది కదా.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. గౌరక్క మా పెదనాన్న కూతురు. నరసన్నపేట దగ్గర పల్లెలో ఇచ్చారు. వరి, మినుము పండించే ఇల్లు. అక్కకి సుజాత ఆడపడుచు.

అక్కకి పిల్లల్లేరు. సుజాత కూతురు హారిక అంటే ప్రాణం.

నలభై దాటాక కారు నేర్చుకుంది మా అక్క. ఆ ఊళ్ళో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడమనిషి. మనిషేమో పొట్టి. మొదట్లో సీటు ముందుకి లాక్కుని, గుండెలు స్టీరింగ్‌కి ఆనించి నడిపేది.

తర్వాత కారుతో వచ్చిన పుస్తకం మొత్తం చదివింది. అర్థం కాని ఇంగ్లీషు ముక్కకల్లా నాకు ఫోన్. "ఒరే, ఎయిర్‌బ్యాగ్ దగ్గిరుండి తగిల్తే అదే సంపేస్తాదంట గదరా!"

ఆ రోజు నుంచీ సీటు వెనక్కి జరిపి, కింద దిండు వేసుకుంది. ఛాతీకి స్టీరింగ్‌కి మధ్య జానెడు కంటే ఎక్కువే ఖాళీ ఉండాలి. లేకపోతే బండి కదలదు.

హారిక కోసం వైజాగ్ నుంచి పిల్లల సీటు కూడా తెప్పించి వెనక బిగించింది. ఊళ్ళో అందరూ నవ్వారు.

ఇక ఆ శ్రీకూర్మం గుడి ప్రయాణం. హారికకి అప్పటికి రెండేళ్ళు.

వెనక సీట్లో ఉండనని పిల్ల ఒకటే ఏడుపు. సుజాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. నేను వెనక.

అక్క ఇంజిన్ ఆపేసింది.

"సుజాతా, పిల్లని ఎనక సీట్లో కట్టు."

"ఏడస్తంది గదా వదినా. నేను గట్టిగా పట్టుకుంటాను."

"నువ్వెంత గట్టిగా పట్టుకున్నా ఆగదే. బ్యాగ్ వచ్చి దాని తలకే తగుల్తాది. అది పెద్దోల్లకి. అదీ బెల్టు ఎట్టుకుంటేనే." సుజాత ఎదురుగా, ఎండ పడకుండా ఉండే సన్‌వైజర్ దించి, దాని మీద పిల్ల బొమ్మ కొట్టేసి ఉన్న స్టిక్కర్ చూపించింది.

సుజాతకి కోపం వచ్చింది. "నీ కారని ముందు కూకోనివ్వవా ఏటి? సెప్పు, బస్సుకి ఎలిపోతాను."

ఆ మాట అక్కకి ఎంత తగిలిందో మొహంలో కనిపించింది. అయినా తాళం తిప్పలేదు.

"ఎల్లు. పిల్లని మాత్రం ఒళ్ళో ఎట్టుకుని ఈ సీట్లో కూకోకు."

చివరికి సుజాత ఏడుస్తూ దిగింది. పిల్లని సీట్లో కట్టి పక్కనే కూర్చుంది. నేను ముందుకి వచ్చాను. "బెల్టెట్టుకో. సీటు ఎనక్కి లాగు," అంది నాతో కూడా.

హైవే ఎక్కాం.

శ్రీకాకుళం ఇంకా రాలేదు. పక్క దారిలోంచి గడ్డి ట్రాక్టర్ ఒకటి ఉన్నట్టుండి రోడ్డు మీదకి వచ్చేసింది.

అక్క బ్రేక్ తొక్కింది. సరిపోలేదు.

లారీ టైరు పేలినట్టు శబ్దం. మొహం మీద ఎవరో మూటతో కొట్టినట్టయింది. కారంతా తెల్లటి పొడి, కాలిన వాసన. నా చేతుల మీద చర్మం లేచిపోయింది. అక్క కళ్ళజోడు విరిగి చెంప వాచిపోయింది.

"పిల్ల ఏదిరా? ఏడస్తందా?"

అక్క నోట వచ్చిన మొదటి మాట అదే.

ఏడుస్తోంది. గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు విని అక్క సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

పిల్లకి గీత కూడా పడలేదు.

సుజాత పిల్లని ఎత్తుకుని ముందు తలుపు దగ్గరికొచ్చింది. డాష్‌బోర్డు చీల్చుకుని వచ్చిన తెల్ల గుడ్డ నా మోకాళ్ళ మీద వేలాడుతోంది. దాన్ని చూస్తూ రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

"వదినా... ఇది నా ఒళ్ళో ఉంటే..."

"ఇప్పుడెందుకే ఆ మాట. ముందు దానికి నీళ్ళు పట్టు."

ఆ సంగతి అక్క మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను చెప్పింది నిజమైంది చూశావా అని ఒక్కసారి కూడా అనలేదు.

తర్వాత అక్కకి కిడ్నీలు పోయాయి. మా వైపు ఈ జబ్బు ఎన్ని ఇళ్ళల్లో ఉందో మీకు తెలుసు.

డయాలసిస్‌కి వెళ్ళినప్పుడల్లా దాదాపు పక్కన సుజాతే. తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది. కన్నకూతురున్నా అంత చేస్తుందో లేదో.

పోయిన నెల ఒకసారి నేను కారులో తీసుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు అక్క కూర్చోలేకపోతోంది. సీటు పూర్తిగా వాల్చి పడుకో అక్కా అన్నాను.

"వాల్చేస్తే బెల్టు మెడ మీదకొస్తాదిరా. ఎనక సీట్లో కూకుంటాను, ఆపు."

ఆ ఒంట్లో నిలబడే ఓపిక కూడా లేదు. అయినా దిగి, నా భుజం పట్టుకుని వెనక్కి వచ్చి, బెల్టు పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఊరొచ్చేదాకా నా చదువుల రోజులు, మా నాన్న తిట్లు గుర్తు చేసి నవ్వించింది.

అక్కతో నాకు అదే ఆఖరి ప్రయాణం అని తెలియదు.

నిన్న మధ్యాహ్నం నిప్పు పెట్టాం. హారిక ఇప్పుడు స్కూలుకి వెళ్తోంది. "అత్త ఎప్పుడొస్తాది?" అని నన్ను అడిగింది.

ఇది చదివే మా వాళ్ళకి ఒకటే మాట. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చోకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

అక్కా, చాలా బాధ పడ్డావు. ఇంక సూదుల్లేవు, మిషన్ల చప్పుడు లేదు.

నెమ్మదిగా ఉండు, అక్కా. నీ ప్రాణానికి శాంతి దొరకాలి.