గరుడా? గద్దా?

మొన్న సాయంత్రం పటమటలో మా అపార్ట్‌మెంటు కింద బెంచీల మీద మా వయసు వాళ్లం కూర్చుని ఉండగా, ఒకాయన ఫోనులో ఏదో పక్షి వీడియో చూపించి, అమెరికాలో కూడా మన గరుడ పక్షి ఉందండోయ్ అని సంబరపడిపోయారు. ఊరుకుంటే పోయేది. అది వేరే జాతి అండీ, మన గరుడ కంటే చాలా పెద్దది, దానికి తలా తోకా తెలుపు, మిగతాదంతా ముదురు గోధుమరంగు, మన గరుడకైతే తెలుపు రొమ్ము దాకా దిగుతుంది, ఒళ్లు ఇటుక రంగు అని పాఠం చెప్పేశాను. రిటైరై ఇన్నేళ్లయినా పంతులమ్మ బుద్ధి పోలేదని అందరూ నవ్వారు. ఆ పోలికలు నేను సరిగ్గా నేర్చుకునేలోపు నా వల్ల ఒక మనిషికి జరగకూడనిది జరిగిపోయిందని వాళ్లకు చెప్పలేదు.

డెబ్బైల మొదట్లో నాకు తొలి ఉద్యోగం బందరు వైపు కాలువగట్టున ఒక నేతపనివాళ్ల ఊళ్లో వచ్చింది. ఒకే గది, ఒకే టీచరు ఉన్న బడి. మైలవరంలో పదిమంది ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని. ఈ ఊళ్లోనేమో మా క్రైస్తవుల ఇల్లు ఒక్కటి కూడా లేదు, ఆదివారం ప్రార్థనకు వెళ్లాలంటే బస్సెక్కి పక్క ఊరు పోవాలి. బడి వదిలాక వీధంతా మోగే మగ్గాల చప్పుడు వింటూ గుమ్మంలో కూర్చునేదాన్ని. నాకు ఉత్తరం లేదని తెలిసినా పోస్టుమాన్‌ను ఆపి నాలుగు మాటలు మాట్లాడించేదాన్ని, అంత ఒంటరితనం.

నాకు గది అద్దెకిచ్చిన మామ్మగారికి చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది, రెండో కంటికి శుక్లం కమ్ముతోంది. వాళ్లబ్బాయి మగ్గం మీద కూర్చుంటే, ఆవిడ రాట్నం ముందు చేతి తడుముడుతోనే నూలు కండెలు చుట్టేవారు. వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉండేది. పెద్ద పని మీద వెళ్లాలన్నా, నేసిన చీరల మూట బజారుకు వెళ్లాలన్నా, ఆకాశంలో గరుడ కనబడ్డాకే గడప దాటాలి. ఆవిడ కంటికి ఆనదు కాబట్టి చూసి చెప్పే పని నాకు పడింది. పోలిక నేర్పిందీ ఆవిడే: మెడ తెల్లగా ఉంటే గరుడ, లేకపోతే కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే గద్ద. కొడుకు మాట నమ్మేవారు కాదు, తొందరపడి కాకిని కూడా గరుడంటాడని. “పంతులమ్మకి మన పట్టింపులు లేవుగా, ఆవిడ అబద్ధమెందుకు చెప్పుద్ది?” అనేవారు. ఆ ఊళ్లో నాకంటూ దొరికిన గౌరవం అదొక్కటే.

నూర్పిళ్లయ్యాక బెజవాడలో కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టారు. మామ్మగారి పేరు రాయించిందీ, ఇంట్లో అందరినీ ఒప్పించిందీ నేనే. ఆఖరి రోజు ఉదయం వాకిట్లో రిక్షా నిలబడింది, బస్సుకు అరగంటే ఉంది, మామ్మగారు ఉతికిన చీర కట్టుకుని చేతిసంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. ఆకాశంలో ఒకే ఒక్క పక్షి తిరుగుతోంది. ఒళ్లంతా మట్టిరంగు, మెడ మీద తెలుపు చుక్కైనా లేదు. తోక విసనకర్రలా గుండ్రంగా ఉండడం చూశాను గానీ, తోక సంగతి నాకెవరూ చెప్పలేదు. “ఏందమ్మా అది?” అని ఆవిడ అడిగారు. వెనక నిలబడ్డ కొడుకు, గరుడే అనేయమని కళ్లతోనే బతిమాలాడు. నిజం చెప్పడమంటే నాకప్పుడు మహా గర్వం. “గద్దండీ, మామ్మగారూ” అన్నాను. బస్సు వేళ దాటిపోయే దాకా మరో పక్షి రాలేదు. ఈసారికి ప్రాప్తం లేదులే అంటూ ఆవిడ సంచి లోపల పెట్టేసి రాట్నం ముందు కూర్చున్నారు.

మళ్లీ శిబిరం ఎప్పుడని కనుక్కుంటూనే ఉన్నాను. ఈలోగా వానాకాలంలో ఆ కన్ను ఎర్రబడి ఒకటే పోటు. బందరు తీసుకెళ్లేసరికి శుక్లం ముదిరిపోయి నరం దెబ్బతిందనీ, ఇక చేయగలిగింది లేదనీ చెప్పారు. ఉన్న ఒక్క కన్నూ పోయింది. ఇంట్లో నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం కాలువగట్టున నడుస్తుంటే, చెట్టు మీద గూట్లో ఒక తెల్లమెడ గరుడ చేప తెచ్చి పెడుతోంది. అందుకుంటున్న పిల్ల దాదాపు తల్లంత ఉంది, ఒళ్లంతా మట్టిరంగు. అది పక్క కొమ్మకు ఎగిరినప్పుడు తోక గుండ్రంగా విచ్చుకుంది. గద్ద తోక చివర చీలి ఉండడం నేను రోజూ చూస్తున్నదే. అంటే, ఆ ఉదయం మా ఇంటి మీద తిరిగింది ఇంకా మెడ తెల్లబడని గరుడే.

వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి ఒక మధ్యాహ్నం కండెల బుట్ట పక్కన కూర్చుని, ఏడుస్తూ మామ్మగారికి చెప్పేశాను. ఆవిడ రాట్నం ఆపారు. ముఖం పైకెత్తి రెండు చేతులూ జోడించారు.

“అయితే వచ్చాడన్నమాట. నా మీద దయలేక రాలేదని ఇన్నాళ్లూ కుమిలిపోయానమ్మా” అన్నారు.

ఆవిడ ముఖం ఎంత తేటపడిందో చెప్పలేను. తిట్టినా భరించేదాన్ని, ఆ సంతోషాన్ని మాత్రం భరించలేకపోయాను.

తర్వాత బదిలీలు, ఊళ్లు, ఏళ్లు. మామ్మగారు పోయిన సంగతి కూడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు శుక్లం తీయడం అరగంట పని, రమ్మన్న తేదీ ఫోనుకే వస్తుంది, బయల్దేరే ముందు ఆకాశం కేసి చూసేవాళ్లు లేరు. కిందటేడు నేనూ చేయించుకున్నాను. ఆటోలో ఒక్కదాన్నే వెళ్లి ఒక్కదాన్నే తిరిగొచ్చాను. కొన్నాళ్లకు డాబా మీదికెక్కితే, కృష్ణ వైపు నుంచి వస్తున్న పక్షి ఎంతో దూరాన ఉండగానే స్పష్టంగా తెలిసింది. “గరుడేనండీ” అని పైకే అనేశాను. డాబా మీద నేను తప్ప ఎవరూ లేరు.