హెల్మెట్ల ఎస్తేరు టీచరు గారు

ఎస్తేరు రాణి టీచరు గారు ఇక లేరన్న కబురు సోమవారం పొద్దున్న నేను ఆఫీసుకు బయలుదేరుతుండగా ఫోన్లో వచ్చింది. చెప్పినది ఆమె చెల్లెలు. "అక్క రాత్రి ప్రభువునందు నిద్రించిందమ్మా" అన్నారు. ఆ మాట బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక నా నోట వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"ఏ రోడ్డులో అండీ?"

"రోడ్డేంటమ్మా! మంచం మీదే. నిద్రలోనే పోయింది."

ఆ రోజు గుణదలలో వాళ్ళింటికి వచ్చిన వాళ్ళలో సగం మంది ఆ ప్రశ్నే అడిగారని తర్వాత తెలిసింది. జీవితమంతా రోడ్డు మీద వచ్చే ఆపదకు ఎదురు నిలబడి, తల నుంచి కాలిదాకా కవచం తొడుక్కుని తిరిగిన మనిషి. మృత్యువుకు ఆమెతో ఎదురుపడే ధైర్యం లేకపోయింది కాబోలు, హెల్మెట్ తీసి పడుకునేదాకా కాచుకుని కూర్చుంది.

మా బడిలో చదివిన ఆడపిల్లల్లో ఆమె విజిల్ వినని వాళ్ళు ఉండరు. ఆమె మా డ్రిల్లు టీచరు. నూలు చీర, కాన్వాసు బూట్లు, మెడలో విజిల్, స్కూటరు మీద హెల్మెట్. తొంభైల మొదట్లో మా ఊళ్ళలో హెల్మెట్ అంటే పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని ఊరేగే వస్తువు. దూరంగా పోలీసు కనిపిస్తే తలకెక్కేది, దాటాక దిగేది. ఆడవాళ్ళు పెట్టుకోవడమైతే చూడ్డానికి జనం ఆగేంత వింత. ఒకసారి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కుర్రాడు మోటారు సైకిలు ఆమె పక్కనే ఆపి, "ఏమండీ, చంద్రమండలానికా ప్రయాణం?" అని అడిగాడట.

"కాదు నాయనా, బందరు రోడ్డు మీదకే. చంద్రుడి మీద గుంటలున్నా ఎదురుగా నీలాంటివాడు రాడు. అక్కడికైతే ఇది అక్కర్లేదు" అన్నారట ఆమె.

ఆమెకు అన్నీ పుట్టుకతోనే తెలుసని కాదు. ఏ రక్షణ దేనికి పనికొస్తుందో తన ఒంటి మీద ప్రయోగం చేసి తెలుసుకున్నారు. ప్రయోగశాల బడిలో ఆటసామాను గది. హాకీ జట్టు పిల్లలు దెబ్బ తగలకుండా కాళ్ళకు కట్టుకునే రేకులు చీర కింద కట్టుకున్నారు. అవి పనికొచ్చాయి. ఎవరో బడికి దానం చేసిన వికెట్ కీపరు గ్లోవ్సు తొడుక్కున్నారు. అవి పనికి రాలేదు. పరుపులాంటి ఆ గ్లోవ్సులో వేళ్ళకు బ్రేకు ఎక్కడుందో అంతు చిక్కక, చెరుకు రసం బండి దగ్గర ఆగాల్సిన మనిషి చెరుకు రసం బండిలోనే ఆగారు. గుమిగూడిన జనం లేవదీయబోతే వద్దని తానే లేచి, చీర దులుపుకుని, తరగతిలో పాఠం చెప్పినట్టే చెప్పారట: "తల బాగుంది. కాళ్ళు బాగున్నాయి. తప్పు గ్లోవ్సుది. చేతికి ఏది తొడిగినా వేలికి బ్రేకు తెలియాలి." తర్వాత అక్కడే ఒక గ్లాసు చెరుకు రసం తాగి వెళ్ళారు.

ఇక నా సంగతి. డ్రిల్లు వరసలో ఎప్పుడూ పొడుగు పిల్లల వెనక నక్కే దాన్ని నేను. పుస్తకాలు చదువుకోవడం, డైరీ రాసుకోవడం తప్ప నాకు వేరే లోకం ఉండేది కాదు. డిగ్రీ అయ్యాక బెంజ్ సర్కిల్ దగ్గర పాఠ్యపుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికింది. రోజంతా చదవడమే పని, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. నాకోసమే ఎవరో కల్పించినట్టున్న ఉద్యోగం. చిక్కల్లా కంకిపాడులో మా ఇంటికి తిరిగి రావడంతోనే. సాయంత్రం బస్సుల్లో కాలు పెట్టే చోటుండేది కాదు. ఇల్లు చేరేసరికి నాన్న వీధిలో నిలబడి ఉండేవారు. కొన్నాళ్ళు చూసి, "ఈ నెలాఖరుకి మానెయ్. ఇంటి పట్టున ఉండి చదువుకో" అనేశారు. స్కూటరు కొనుక్కుంటానని అమ్మ చేత చెప్పిస్తే, "పడి తలకాయ పగిలితే?" అన్నారు.

ఈ సంగతి నా స్నేహితురాలి ద్వారా తెలిసి టీచరు గారు మా ఇంటికి వచ్చారు.

"తలకాయ పగులుతుందని మీ భయం. నాదీ అదే భయమండీ" అన్నారు నాన్నతో. "ఆటోనగరంతా గాలించినా దొరకని స్పేరు పార్టు అదొక్కటే. అందుకని ముందు తలకి కొందాం, తర్వాత బండి కొందాం."

నాన్నకు ఆ వరస నచ్చింది. "సామానంతా మీరే ఎంచి, బండి మీరే నేర్పితే సరే" అన్నారు.

ఆటోనగర్‌లో సీటు కవర్లు, అద్దాలు, హెల్మెట్లు అమ్మే మస్తాన్ గారి దుకాణానికి ముగ్గురం వెళ్ళాం, టీచరు గారు, అమ్మ, నేను. అమ్మ గడపలోనే సీతాకోకచిలుక బొమ్మ ఉన్న గులాబీ రంగు హెల్మెట్ ఎంచేసింది.

"మంచి మోడలండీ. కాస్త వదులుగా తీసుకోండి. ముడి పట్టుద్ది, పూలు నలగవు, గాలి కూడా ఆడుద్ది" అన్నారు మస్తాన్ గారు. మా వైపు ఆడవాళ్ళు హెల్మెట్ కొనేటప్పుడు కొలత చూసేది ముడికీ, మల్లెపూలకీ. తల సంగతి తర్వాత.

"మస్తానూ, నువ్వు హెల్మెట్ అమ్మేది తలకా, పూలకా?"

"రెండిటికీ టీచరమ్మా!"

"పూలకైతే సంచి చాలయ్యా." నా వైపు తిరిగి, "ముడి విప్పవే. జడ వీపు మీదకి వదులు. పూలు ఆఫీసుకెళ్ళాక పెట్టుకుందువు గానీ" అన్నారు.

ముందు గులాబీదే పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, "ఇప్పుడు తల ఊపు" అన్నారు. నేను ఊపాను.

"అలా కాదు. పెళ్ళిచూపులా ఇవి? ఈగలు ముసిరిన గేదె ఊపినట్టు ఊపు!"

పక్క షెడ్లలో మెకానిక్కులు పని ఆపి వచ్చి నిలబడ్డారు. కళ్ళు మూసుకుని ఊపాను. తెరిచి చూస్తే లోకమంతా చీకటి. హెల్మెట్ పక్కకు తిరిగిపోయి, నా కళ్ళ ముందు దాని లోపలి గోడ ఉంది.

"చూశావా? నువ్వు ఆగాక కూడా అది తిరుగుతోందంటే హెల్మెట్ కాదు, బిందె" అన్నారు టీచరు గారు.

అలా ఎన్ని బిందెలు మార్చామో. చివరికి గడ్డం కూడా కప్పే తెల్లది ఒకటి కుదిరింది. చెంపలు నొక్కుకుపోయి మాట సరిగా రాలేదు. అలాగే ఉండాలన్నారు. నుదురు నొప్పి పెడుతుందేమో చూడాలి కాబట్టి, తామిద్దరూ టీ తాగి వచ్చేదాకా తియ్యకుండా కూర్చోమన్నారు. గల్లా పక్కన స్టూలు మీద సిగ్గుతో బిగుసుకుని కూర్చున్నాను. ఇంతలో ఎవరో పెద్దాయన లోపలికి వచ్చి, నన్ను కాసేపు పరిశీలించి, "మస్తాన్ గారూ, ఈ బొమ్మకి పెట్టిందెంత?" అంటూ నెత్తి మీద వేలితో తట్టాడు.

"ఇది అమ్మకానికి కాదండీ" అన్నాను.

ఆయన అదిరిపడి వెనక్కి తూలి, వేలాడదీసిన సీటు కవర్లలో చిక్కుకుపోయాడు. ఆయన్ని విడదీయడానికి మస్తాన్ గారికి చాలాసేపు పట్టింది.

అసలు గండం బండి పూజ నాడు వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. బండికీ హెల్మెట్‌కీ అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. టీచరు గారు మర్యాదగా అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. నాన్న కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని, రాయి వైపు చూసి, హెల్మెట్ వైపు చూశారు.

"మీరిన్ని పరీక్షలు పెట్టారు గదా టీచరు గారూ, ఇక నాదొక్కటి" అంటూ హెల్మెట్ నేల మీద బోర్లించి దాని నెత్తిన కాయ కొట్టారు.

కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టారు. "చూశారా, గీత పడలా!" అని నాన్న మురిసిపోయారు.

టీచరు గారు మొహం మీద పడిన కొబ్బరినీళ్ళు తుడుచుకున్నారు. "బాగా కొట్టారండీ. ఇక దాన్ని పారెయ్యండి."

"ఎందుకండీ?"

"హెల్మెట్ ఆయుష్షు ఒక్క దెబ్బ. ఆ ఒక్కటీ కొబ్బరికాయకి ఇచ్చేశారు."

"పైన చెక్కు చెదరలేదు గదా!"

"పైన చెదరదు. లోపలున్న థర్మోకోల్ నలుగుద్ది. నలిగిందో లేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలిసేది అమ్మాయి తలకి. అదీ పడ్డాక."

నాన్న మొహం ఎర్రబడింది. "శుభమా అని కాయ కొడితే పారెయ్యమంటారేంటండీ? అపశకునం! పెట్టుకుంటే ఇదే పెట్టుకోవాలి. లేదంటే బండీ వద్దు, ఉద్యోగమూ వద్దు."

టీచరు గారు జవాబు చెబుతారని అందరం చూశాం. దారిన పోయేవాళ్ళను ఆపి మరీ తిట్టే మనిషి, ఆ ఒక్కసారి నోరు తెరవలేదు. నా వైపు చూస్తూ కూర్చున్నారంతే. ఎంతకీ చూపు తిప్పలేదు. వెనక నక్కడానికి నా ముందు పొడుగు పిల్ల ఎవరూ లేరు.

"నాన్నా, దాంతో నేను బండెక్కను" అన్నాను. "ఉద్యోగమూ మానను. ఇంకోటి కొనండి."

నా సన్నటి గొంతు నాన్నకు వినబడలేదు. "ఏమంటంది?" అని అమ్మను అడిగారు.

"ఇంకోటి కొనమంటంది!" అని అమ్మ వీధి వీధంతా వినేట్టు అరిచింది. "ఉద్యోగం మాననంటంది! నేనూ అదే అంటన్నా!" ఆ చివరి ముక్క అమ్మ తనంతట తాను కలిపింది.

నాన్న కొబ్బరిచెక్కలు ఏరి అమ్మ చేతికిచ్చారు. తర్వాత చెప్పులు వేసుకున్నారు. "ఆటోనగర్ ఎన్నింటిదాకా తెరిచుంటదండీ, టీచరు గారూ?"

మస్తాన్ గారు మమ్మల్ని చూసి కంగారు పడ్డారు. "మొన్నే గదండీ తీసుకెళ్ళారు?"

"అది దేవుడికిచ్చాం" అన్నారు నాన్న. అబద్ధం సహించని టీచరు గారు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు.

నేను ఒంటరిగా ఆఫీసుకు వెళ్ళిన మొదటి రోజు, బెంజ్ సర్కిల్ దగ్గర ఆగగానే ఎవరో నా హెల్మెట్ మీద వేలి కణుపుతో టకటకా కొట్టారు. టీచరు గారు. దారి పొడుగునా నా వెనకే వచ్చారన్నమాట. నా గడ్డం కింద పట్టీ ఒకసారి లాగి చూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయారు. ఆ ఉద్యోగం ఇప్పటికీ చేస్తున్నాను.

మంగళవారం గుణదల సమాధుల తోటకు నా స్కూటరు మీదే వెళ్ళాను. వెనక నాన్న కూర్చున్నారు. ఆయనకూ గడ్డం కప్పే హెల్మెటే. ప్రార్థన మొదలవుతుంటే మగవాళ్ళు తలపాగాలూ టోపీలూ తీశారు. సంఘపెద్ద ఒకాయన నాన్నకు సైగ చేశారు. నాన్న చెయ్యి గడ్డం కిందికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పట్టీ బిగుసుకుందనుకుని సాయం చెయ్యబోతే నా చెయ్యి పక్కకు తోశారు. అప్పుడు చూశాను. ముందున్న అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టేసింది. సంఘపెద్ద కూడా చూసినట్టున్నారు. సైగ మాని పాట ఎత్తుకున్నారు. మట్టి వేసేదాకా నాన్న ఆ అద్దం ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే, వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది.

"ఇక మనల్ని తిట్టేవాళ్ళెవరే?"

మా ఇంటిల్లిపాదీ ఆమెకు సమర్పించుకోగల నివాళి ఆ ఒక్క ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగే మనిషిని ఇప్పుడే మట్టిలో పెట్టి వస్తున్నాం. పచ్చ లైటు పడింది. నాన్నను గట్టిగా పట్టుకోమని బండి ముందుకు పోనిచ్చాను.